తాతగారి మిలట్రీ డిశ్చార్జ్ కాగితంలో ‘రిడక్షన్’ అంటే?

మీ తాతగారి 1946 నాటి డిశ్చార్జ్ కాగితంలో ‘రిడక్షన్ ఆఫ్ ఎస్టాబ్లిష్‌మెంట్’ అని ఉంది, ఆయన్ని ర్యాంకు తగ్గించి పంపేశారా అని అడిగారు. కాదండీ. తగ్గించింది సైన్యాన్ని, మీ తాతగారిని కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఇండియన్ ఆర్మీలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం అయ్యాక అంతమందిని ఎందుకు పోషిస్తారు? ఆయన నడవడిక ఎలాంటిదో తెలియాలంటే ‘క్యారెక్టర్’ గడి చూడండి.

మా గుంటూరు ఇంట్లోనూ ఇలాంటి గొడవే. తాతయ్య బర్మాలో జపాన్ వాళ్లతో కొట్లాడాడని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాం. తీరా ట్రంకుపెట్టెలో కాగితం దొరికితే అందులో బర్మా ఊసే లేదు. విదేశీ సర్వీసు దగ్గర ‘పైఫోర్స్’ అని ఉంటే, బాబాయి దాన్ని ‘ఫైర్ ఫోర్స్’ అని చదివి మంటలార్పే ఉద్యోగం అన్నాడు! అది పర్షియా, ఇరాక్‌లలో ఉన్న దళం. అక్కడి చమురు బావులను కాపాడటం, రష్యాకు సరుకు వెళ్లే దారి చూసుకోవడం దాని పని. యూనిట్ గడిలో ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అని ఉంది, అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగం. తాతయ్య అందులో లారీ డ్రైవరన్న మాట. “మిలట్రీ నుంచి ఖర్జూరాలు తప్ప ఏం తెచ్చాడు మీ తాత” అని నాయనమ్మ దెప్పడం అప్పుడు గుర్తొచ్చింది. బర్మా నుంచి ఖర్జూరాలెక్కడివి?

మెడల్ చూసి తొందరపడకండి. వార్ మెడల్ 28 రోజులు పనిచేసినవాళ్లకూ ఇచ్చారు, దాన్నిబట్టి ఎక్కడికెళ్లారో తేలదు. బర్మా స్టార్ ఉంటే వేరే సంగతి. వయసు కూడా నమ్మొద్దు. కాగితం ప్రకారం మా తాతయ్య సొంత తమ్ముడి కంటే రెండేళ్లు చిన్న! ఇక ఒంగోలు తాలూకా, గుంటూరు జిల్లా అని ఉందన్నారుగా, అది తప్పు కాదు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో.

అన్నిటికంటే ముఖ్యం సర్వీసు నంబరు. అది ఉంటేనే రికార్డ్ ఆఫీసుకు రాయగలం. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్ (సైన్యంలోని ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు. ముందు కాగితాన్ని రెండువైపులా ఫోటో తీయండి, లామినేషన్ జోలికి మాత్రం పోకండి. నేను జెరాక్స్ షాపులో చేయిస్తే మడత దగ్గర చిట్లి, నంబరులో చివరి రెండంకెలు పోయాయి. ఆర్నెల్ల తర్వాత ఆయన నాయనమ్మకు రాసిన ఉత్తరం కవరు మీద దొరికాయి.