తొట్టెకో హీటరు వద్దు, గదినే వెచ్చగా ఉంచండి

హైదరాబాదులో స్టోర్ రూములో 12 గాజు తొట్టెలు పెట్టి ఫైటర్, గప్పీ చేపల పిల్లలు తీద్దామనుకుంటే, హీటర్లు, ఫిల్టర్ల ఖర్చు చూసి ఆగిపోయానని రాశారు. ఆ హీటర్ల డబ్బు జేబులోనే ఉంచుకోండి.

గది చిన్నదే కదా, దాన్నే వెచ్చబెట్టండి. కిటికీకి, తలుపు వెనుక, బయటి గోడకు థర్మోకోల్ షీట్లు అంటించి, తలుపు కింది సందు మూసేయండి. చలి రాత్రుల్లో థర్మోస్టాట్ (వేడి చాలగానే దానంతటదే ఆపే మీట) ఉన్న ఒక గది హీటరు సరిపోతుంది. వేడి పైకి చేరుతుంది కాబట్టి, 27–28 డిగ్రీలు కోరే ఫైటర్లకు పై అర, గప్పీలకు కింది అర.

గాలికి ఒకే పెద్ద పంపు. గోడ వెంబడి పీవీసీ పైపు తిప్పి రెండు చివరలూ కలిపేస్తే అన్ని తొట్టెలకూ ఒత్తిడి దాదాపు సమానంగా అందుతుంది. పంపును నీటిమట్టం కన్నా ఎత్తున పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి లాక్కుని అందులోకి పోవు. తొట్టెలో ఆ గాలితోనే నడిచే స్పాంజి ఫిల్టరే మేలు. అది పిల్లలను మింగదు, పైగా దానిమీద పెరిగే సూక్ష్మజీవులను పిల్లలు ఏరుకుని తింటాయి. ఫైటర్ గుడ్ల కోసం నీటిపై నురగ గూడు కట్టే తొట్టెలో మాత్రం గాలిని బాగా తగ్గించండి, లేదంటే గూడు చెదిరిపోతుంది.

పిసినారితనం పనికిరానిది స్టాండు దగ్గరే. 60×30×30 సెంటీమీటర్ల తొట్టెలో 54 లీటర్లు పడతాయి. పన్నెండింటికీ నీళ్ల బరువే దాదాపు 650 కిలోలు! నట్లు బిగించే పుస్తకాల ర్యాకు వద్దు, ఇనుప యాంగిల్‌తో వెల్డింగ్ చేయించండి. మేడ మీది గదైతే ముందు ఇంజనీరుకు చూపించండి.