తప్పు పాత యజమానిది, నోటీసు మీకు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. విక్టోరియన్ కాలపు ఆర్కిటెక్ట్ ఒకాయన తన కోసం కట్టుకున్న గ్రేడ్ 2 లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా చట్టరక్షణ ఉన్న) ఇల్లు 2021 మార్చిలో కొన్నాం. కింది హాల్లో కూచిపూడి క్లాసులు పెట్టాలని నా భార్య చిరకాల కోరిక. అమ్మినాయన 2009లో హాలు గోడ ఒకటి తీసేసి, పాత ఫైర్‌ప్లేస్ అమ్ముకున్నాడని ఇప్పుడు తెలిసింది. పదేళ్లు దాటాయి, ఎవరూ అడగరని మిత్రులంటున్నారు. రెండో గోడ కూడా తీసేస్తే హాలు సరిపోతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఇంత రాశారు, అసలు తేదీ రాయలేదు. ఆ ఇల్లు లిస్టులోకి ఎప్పుడు ఎక్కింది? లిస్టింగ్‌కు ముందు చేసిన పనికి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ (అలాంటి భవనంలో మార్పులకు కౌన్సిల్ ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. 2009 నాటికే ఎక్కి ఉంటే కౌన్సిల్ కన్సెంట్ ఉండి తీరాలి. చారిత్రక కట్టడాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో తేదీ, వర్ణన ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. వర్ణనలో ఫైర్‌ప్లేస్ ప్రస్తావన లేదని సంబరపడకండి, లోపలి భాగానికీ రక్షణ ఉంటుంది.

మిత్రులు చెప్పే పదేళ్లు మామూలు ప్లానింగ్ ఉల్లంఘనలకు. లిస్టెడ్ భవనాల విషయంలో 1990 నాటి లిస్టెడ్ భవనాల చట్టం కింద కౌన్సిల్ ఇచ్చే ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసుకు (తప్పు సరిదిద్దమనే ఆదేశానికి) గడువే లేదు. పైగా అది ఇప్పటి యజమానికే వస్తుంది. క్రిమినల్ కేసు మాత్రం పని చేసినవాళ్లు, చేయించినవాళ్ల మీదే.

గడువున్నది మీకు. మార్పులేవీ జరగలేదని అమ్మినాయన అమ్మకం సమయంలో నింపే ప్రాపర్టీ ఫారంలో రాసి ఉంటే, నష్టపరిహారం దావాకు మామూలుగా ఆరేళ్లే. 2021 నాటి కాంట్రాక్టు తేదీ నుంచి లెక్కేసుకోండి. ఫైర్‌ప్లేస్ ఉండాల్సిన చోట అది కనిపించకపోతే, కొనేముందు ఒక్క మాట అడగలేకపోయారా? ఆ ఫారం, అమ్మకపు బ్రోషర్, పాత ఫొటోలు, సర్వే రిపోర్టు ఈరోజే ఒకచోట పెట్టండి.

రెండో గోడ జోలికి వెళ్లకండి. కన్సెంట్ లేకుండా తీస్తే అది నేరం: రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా. లిస్టెడ్ అని తెలియదనే సాకే చెల్లదు, మీకైతే తెలుసు కూడా.

ముందు సొలిసిటర్‌ను కలవండి, కౌన్సిల్ సంగతి ఆ తర్వాతే. కొనేటప్పుడు ఇండెమ్నిటీ పాలసీ (ఇలాంటి పాత లోపాల వల్ల వచ్చే నష్టానికి బీమా) తీసుకుని ఉంటే, మీరే వెళ్లి కౌన్సిల్‌కు చెప్పడంతో అది చెల్లకుండా పోవచ్చు. అది తేలాక, పాత ఇళ్ల పని తెలిసిన ఆర్కిటెక్ట్‌తో కలిసి కౌన్సిల్‌లో పాత కట్టడాలు చూసే కన్సర్వేషన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి. 2009 మార్పులను ఉంచుకోవడానికి కన్సెంట్ అడగవచ్చు. ఇచ్చినా, అది ఇచ్చిన రోజు నుంచే చెల్లుతుంది. దరఖాస్తుకు ఫీజు లేదు. రోజూ పిల్లలు వచ్చిపోయే క్లాసులైతే ప్లానింగ్ పర్మిషన్ విడిగా కావాల్సి రావచ్చు. నృత్యానికి పాత నేలకు మేకు కొట్టకుండా, ఎప్పుడంటే అప్పుడు తీసేయగలిగే చెక్క ఫ్లోర్ ప్లానులో చూపించండి. గోడ కూల్చే ప్లాను కన్నా దీనికి ఒప్పించడం తేలిక.