బోర్డు స్కూలా, జిల్లా పరిషత్ బడా?

ప్రశ్న: మాస్టారూ, మా ఊరి హైస్కూలుకు త్వరలో వందేళ్లు నిండుతాయి. సావనీర్ పని నా నెత్తిన పడింది. ఊళ్లో పెద్దలు దాన్ని ‘బోర్డు స్కూలు’ అంటారు. గేటు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని ఉంటుంది. తాతయ్య సర్టిఫికెట్‌లోనేమో ‘సిక్స్త్ ఫారం’. ఇవన్నీ ఒకే బడివేనా? ప్రార్థనలో ప్రతిజ్ఞ మొదటినుంచీ మా బడి ఆనవాయితీ అని రాయొచ్చా?
– ఒక పూర్వ విద్యార్థి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: బడి ఒకటేనండీ. బోర్డు స్కూలంటే నల్లబోర్డు ఉన్న బడి అని చిన్నప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. అది జిల్లా బోర్డు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884 చట్టంతో ఏర్పడిన ఈ బోర్డులు రోడ్లతోపాటు హైస్కూళ్లూ నడిపేవి. 1959లో జిల్లా పరిషత్‌లు వచ్చాక ఆ బళ్లు వాటి కిందికి వెళ్లాయి. గేటు మీద పేరు మారింది, ఊరి నోట్లో పాతపేరే ఉండిపోయింది.

ఐదో తరగతి దాటితే ఫస్ట్ ఫారం. సిక్స్త్ ఫారం అంటే పదకొండో తరగతి, చివర్లో ఎస్సెల్సీ పరీక్ష. 1969-70లో రెండేళ్ల ఇంటర్ వచ్చాక హైస్కూలు చదువు పదితో ఆగింది. (తెలంగాణ పెద్దల్ని అడిగితే ఫారాలు కాదు, వస్తానియా (మిడిల్ స్కూలు), ఫౌఖానియా (హైస్కూలు) అంటారు. నిజాం కాలపు ఉర్దూ మీడియం మాటలవి.)

ప్రతిజ్ఞ గురించి మాత్రం అలా రాయకండి. మీ తాతయ్య దాన్ని బళ్లో చదివి ఉండరు. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో తెలుగులో రాశారు దాన్ని. దేశమంతటా బళ్లలో చదివించడం 1965 జనవరి 26 నుంచి. సావనీర్‌లో ప్రతిజ్ఞ వేస్తారు కదా, కింద ఆయన పేరు కూడా వేయండి. చాలామంది వేయరు, నాకదే బాధ.

నాయకుల ఫొటోలతో పేజీలు నింపేముందు హెడ్మాస్టరు గారిని అడిగి పాత అడ్మిషన్ రిజిస్టర్ బయటికి తీయించండి. పొడుగాటి పుస్తకం, బీరువా అడుగు అరలో ఉంటుంది. మొదటి నంబరు ఎవరిది, మొదటి ఆడపిల్ల ఏ ఏడు చేరింది, తండ్రి వృత్తి దగ్గర ఏం రాశారు, పిల్లలు ఏ తరగతిలో, ఏ నెలలో మానేశారు... మీ ఊరి కథంతా ఆ గళ్లలోనే దొరుకుతుంది. కులం గడి కూడా ఉంటుంది, దాన్ని అచ్చులోకి ఎక్కించకండి.

పుట్టినరోజులు చూసి మాత్రం కంగారు పడొద్దు. పేజీకి సగంమంది జులై ఒకటినే పుట్టి ఉంటారు! ఇంట్లో తేదీ చెప్పలేకపోతే మాస్టార్లు జులై 1 వేసేసేవారు. నేను సంక్రాంతి భోగినాడు పుట్టానని మా అమ్మ చెప్పేది, రిజిస్టర్ మాత్రం జులై 1 అంది. ఆ లెక్కన జూన్ 30న రిటైరయ్యాను. సర్కారు జీతం ఐదు నెలలు ఎక్కువ తిన్నట్టే, ఇప్పుడు రికవరీ అంటే ఇచ్చుకోలేను.

ఇంకో మాట. ఆ కాగితాల అంచులు ముట్టుకుంటే పొడిగా రాలతాయి. జిరాక్స్ షాపుకు మోసుకెళ్లకండి, కిటికీ దగ్గర పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.