అడవి చదువా, తిండి చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఫారెస్ట్రీ చదువుతానంటోంది. అందులో ఉద్యోగాలు తక్కువ, న్యూట్రిషన్ తీసుకోమని మేమంటున్నాం. అడవులు కూడా జనం కడుపు నింపుతాయని తన వాదన. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి మాట నిజమేనండీ. అడవి తిండి అనగానే పండ్లు, తేనె, పుట్టగొడుగులే గుర్తొస్తాయి. కానీ చెట్లు చేసే మేలు చాలావరకు పొలంలోనే ఉంటుంది. ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల్లో సుమారు 75 శాతం పరాగసంపర్కానికి ఎంతో కొంత తేనెటీగల వంటి జీవుల మీద ఆధారపడ్డవే. ఆ జీవుల్లో చాలావాటికి ఆసరా చెట్లే. ఆఫ్రికాలో ఫైదెర్బియా అనే చెట్టుంది. అది వానాకాలంలోనే ఆకు రాలుస్తుంది కాబట్టి కింది పైరుకు ఎండ తగులుతుంది, నేలకు నత్రజనీ అందుతుంది. ఎండాకాలంలో దాని కాయలు పశువులకు మేత. ఇలా పొలంలో పంటలతో పాటు చెట్లనూ పెంచడమే ఆగ్రోఫారెస్ట్రీ. ఏ చెట్టు ఏ పంటకు నప్పుతుందో తేల్చడం అందులో భాగం.

అయితే మీరు చెప్పే న్యూట్రిషన్ కూడా ఇక్కడ కావాలి. కెన్యాలోని నైరోబీలో ఉన్న వరల్డ్ ఆగ్రోఫారెస్ట్రీ అనే సంస్థ పరిశోధకులు ఏ నెలలో ఏ పండు కాపుకొస్తుందో చూసి, ఇంట్లో గింజలు అడుగంటే నెలల్లోనూ విటమిన్ ఎ, సి అందేలా చెట్లను ఎంపిక చేస్తారు. ఇలాంటి పనిలో ఆడవాళ్ల దగ్గర కూర్చుని, నిన్న పొద్దుటి నుంచి ఏమేం తిన్నారో ఓపిగ్గా అడగాలి. పది ఆహార వర్గాల్లో కనీసం ఐదు తిన్నారా అన్నది తిండిలో వైవిధ్యానికి ఒక కొలత. చెట్టునూ కంచాన్నీ రెండింటినీ కొలవగలిగేవాళ్లు తక్కువ. మీ అమ్మాయికి అవకాశం అక్కడే ఉంది.

కాబట్టి డిగ్రీ ఫారెస్ట్రీలో చేయనివ్వండి. పీజీ పోషకాహారం వైపు వెళ్లొచ్చు. కొన్ని చోట్ల దానికి డిగ్రీలో కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ ఉండాలంటారు, ఆ నిబంధన ఇప్పుడే చూసుకోండి. స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) మాత్రం వదలొద్దు. అటవీ, వ్యవసాయ శాఖలు, పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఇలాంటివారిని తీసుకుంటాయి. మొదట్లో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతవరకే, ఆ విషయంలో మీ భయం సబబే.

ఒక్కటి ఆమెనే అడగండి: ఎండలో తిరిగి, కొత్తవాళ్లతో గంటల తరబడి మాట్లాడటం ఇష్టమేనా? ఆసుపత్రిలో డైటీషియన్‌గా కుదురుగా ఉండాలనుకుంటే మాత్రం మీరన్నట్టు నేరుగా న్యూట్రిషనే మేలు.