ఉత్తరంలో రెండో సగం

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు జాక్ ట్రైస్ గురించి నువ్వు రాసి పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. మొదటిసారి ఫోన్‌లో చదివితే కళ్ళు నొప్పెట్టాయే గాని ఏమీ బుర్రకెక్కలేదు. మర్నాడు మా వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పేజీలన్నీ ఎర్రబడ్డాయి. టెన్షన్ పడకు. పనికిరాని రాత మీద నేను పెన్ను పెట్టను, మడిచి పక్కన పడేస్తాను.

ముందు చిన్న సంగతులు. ఊరి పేరు 'ఏమ్స్' అని మొదటి వాక్యంలోనే రాశావు. మనవాళ్ళు చూడగానే ఢిల్లీ ఆసుపత్రి అనుకుంటారు. 'అయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే యూనివర్సిటీ ఊరు' అను, గొడవ వదిలిపోతుంది. ఫుట్‌బాల్ అంటే కూడా ఇక్కడ కాలితో తన్నే ఆటే. కోలబంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరుగెత్తుతాడనీ, వాడికి దారి చేస్తూ ముందు నలుగురు తోసుకుపోతారనీ, వాళ్ళను ఛేదించుకుని వెళ్ళి ఆపడమే జాక్ పని అనీ రెండు ముక్కల్లో చెప్పు. కబడ్డీ చూసినవాడికి మిగతాది అదే అర్థమవుతుంది. నువ్వు ఒకటిన్నర పేజీ రూల్సు రాశావు. కొట్టేశాను.

జాక్ ట్రైస్‌ని నువ్వు మొదటి నుంచి చివరిదాకా 'ఆయన' అన్నావు. చనిపోయేనాటికి అతనికి 21 ఏళ్ళమ్మా. నీకంటే చిన్నవాడు. విగ్రహాన్ని చూస్తూ రాస్తే 'ఆయన' వస్తుంది, కుర్రాణ్ణి చూస్తూ రాస్తే 'అతను' వస్తుంది. ఆ ఒక్క మాట మార్చి మళ్ళీ చదువుకో, కథ ఎంత దగ్గరికొస్తుందో నీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఆ ఉత్తరం.

1923 అక్టోబర్ 5 రాత్రి, మినియాపొలిస్‌లో హోటల్ కాగితం మీద జాక్ రాసుకున్నాడు. మర్నాడు మిన్నెసోటా యూనివర్సిటీతో మ్యాచ్. ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. (అది అతని మొదటి మ్యాచ్ అని రాశావు, తప్పు. వారం ముందు సింప్సన్ కాలేజీతో ఆడాడు. దీన్ని మాత్రం 'నా జీవితంలో మొదటి అసలైన కాలేజీ మ్యాచ్' అని అతనే రాసుకున్నాడు. ఆ 'అసలైన' అన్న మాటలో ఎంత ఉందో చూడు.) అంత్యక్రియలకు ముందు ఆ కాగితం అతని కోటు జేబులో దొరికింది. యూనివర్సిటీ అధ్యక్షుడు రేమండ్ పియర్సన్ దాన్ని శవపేటిక దగ్గర చదివి వినిపించాడు.

నువ్వు అందులో మొదటి సగమే ఎత్తి రాశావు. 'నా జాతి గౌరవం, కుటుంబ గౌరవం, నా వ్యక్తిగత గౌరవం ప్రమాదంలో ఉన్నాయి.' ఆ తర్వాత చుక్కలు పెట్టేశావు. అందరూ అక్కడే ఆగిపోతారు. మొదటి సగం ఫలకం మీద చెక్కుకోవడానికి బాగుంటుంది. మనిషి మాత్రం రెండో సగంలో ఉన్నాడు. అక్కడ ఏముంది? ఎదుటివాళ్ళ వరుస చీల్చుకుని ఆటను వాళ్ళవైపే ఆపాలి. గుంపుగా మీదికి వచ్చేవాళ్ళతో జాగ్రత్త. కిందికి వంగి పోరాడు. కళ్ళు తెరిచి ఉంచు, చూపు ఆట మీద పెట్టు. క్రాస్‌బక్‌లు, రివర్స్ ఎండ్ రన్‌లు అనే ఏమార్చే ఎత్తులు వస్తాయి, కనిపెట్టుకో. అంతా పని. పరీక్ష ముందురాత్రి ఫార్ములాలు చీటీ మీద రాసుకునే పిల్లవాడిలా, తనకు ఏం మరుపొస్తుందో అది రాసుకున్నాడు.

ఇంకోటి గమనించావా? ఉత్తరం 'నేను' అని మొదలవుతుంది. నా పరువు, నా ఒళ్ళు, నేను చేస్తాను. సగం దాటాక 'నువ్వు' వచ్చేస్తుంది. నీ కళ్ళు, నీ కాళ్ళు. ఎవరికి రాశాడు మరి? పైన 'సంబంధిత వ్యక్తులకు' అని సర్టిఫికెట్ మీద రాసినట్టు రాసి, కింద తనతో తానే మాట్లాడుకున్నాడు. ఒంటరిగా ఉన్నాడనడానికి నువ్వు మూడు పేరాలు ఖర్చు పెట్టావు. ఈ ఒక్క మలుపు చూపిస్తే ఆ మూడూ అక్కర్లేదు.

అనువాదం గురించి కూడా చెప్పాలి. 'జాతి గౌరవం' అనేది ఆగస్టు పదిహేను ప్రసంగంలా ఉంది. మనకి జాతి అంటే దేశమూ అవుతుంది, కులమూ అవుతుంది, పశువుల రకమూ అవుతుంది. అతను సభ కోసం రాసుకోలేదు. 'మావాళ్ళ పరువు, ఇంటి పరువు, నా పరువు' అని చూడు. పరువు అనేది మన ఇళ్ళలో రోజూ వాడే మాట, బరువున్న మాట. చివర్లో ప్రతి నిమిషం చురుగ్గా ఉండమని తనకు తాను చెప్పుకున్నచోట నువ్వు 'ఒళ్ళు దగ్గర పెట్టుకో' అని రాశావు. మంచి తెలుగే, నాకూ ముందు అదే తట్టింది. కానీ పై వాక్యాల్లో అతను రేపు ఒళ్ళూ ప్రాణమూ లెక్కచెయ్యకుండా మైదానమంతా విసిరేస్తానన్నాడు. అలా అన్నవాడి నోట ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం కుదరదు. ఇంకేదైనా వెతుకు.

గుంపుగా వచ్చేవాళ్ళతో జాగ్రత్త అని రాసుకున్నవాడు మర్నాడు సరిగ్గా ఆ గుంపు కాళ్ళ కింద పడ్డాడు కదా. ఆ మాట పక్కన విధి, రాత, నుదుటిగీత అని ఏమీ తగిలించకు. చదివేవాడికి అదే తడుతుంది.

ఇప్పుడు నీ ఆరో పేజీ. అక్కడ పప్పులో కాలేశావు. మ్యాచ్‌కి ముందు మిన్నెసోటా ఆటగాళ్ళు ముగ్గురు ఒక మూల చేరి 'ఆ నల్లవాణ్ణి వదలకూడదు' అని గుసగుసలాడినట్టు రాశావు. ఎక్కడిదమ్మా ఈ గుసగుస? నువ్వు విన్నావా, విన్నవాడెవడైనా చెప్పాడా?

మనకు తెలిసింది ఇంత. ఆట మొదలైన రెండో ఎత్తులోనే జాక్ కాలర్‌బోన్ విరిగింది. నొప్పి చెప్పకుండా ఆడాడు. మూడో క్వార్టర్‌లో, దూసుకొస్తున్నవాళ్ళ కాళ్ళకు అడ్డంగా దొర్లబోయి వెల్లకిలా పడ్డాడు. ముగ్గురు అతన్ని తొక్కుకుంటూ పోయారు. బయటికి తీసుకెళ్తుంటే మిన్నెసోటా ప్రేక్షకులే 'సారీ ఏమ్స్' అని అరిచారని చెబుతారు. మ్యాచ్ 20-17తో పోయింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టర్లు ప్రయాణం చెయ్యొచ్చన్నారు. రైల్లో గడ్డిపరుపు మీద పడుకోబెట్టి ఏమ్స్‌కి తెచ్చారు. అక్టోబర్ 8న, లోపల రక్తస్రావమై చనిపోయాడు. కావాలని తొక్కారా, ఆటలో జరిగిందా అన్నది వందేళ్ళు దాటినా తేలలేదు. తేలనిదాన్ని తేలలేదనే రాయి. దానివల్ల నీ కథకు బలం తగ్గదు.

అదే వివక్షకు రుజువులున్నచోట మాత్రం నీ గొంతు పీలగా ఉంది. క్యాంపస్ హాస్టల్లో అతనికి చోటు లేదు, ఊళ్ళో కాపురముండేవాడు. నల్లవాడు జట్టులో ఉంటే ఆడబోమనే పెద్దమనుషుల ఒప్పందం కాలేజీల మధ్య నడిచేది. ఇవి ఎవరూ కాదనలేని సంగతులు. వీటికి నువ్వు రెండు వాక్యాలు ఇచ్చావు, ఊహించిన గుసగుసకి పేజీన్నర ఇచ్చావు. నేల విడిచి సాము చెయ్యడమంటే ఇదే.

రుజువు చేతిలో ఉంటే ఎలా రాయొచ్చో నీకు అదే రాష్ట్రంలో ఇంకో కథ ఉంది. డెమోయిన్‌లో డ్రేక్ యూనివర్సిటీ నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్. 1951 అక్టోబర్ 20న ఓక్లహోమాలో, బంతి అతని దగ్గర లేనప్పుడు ప్రత్యర్థి ఒకడు ముఖం మీద కొట్టి దవడ విరగ్గొట్టాడు. బ్రైట్ మొదటి ఏడు నిమిషాల్లో మూడుసార్లు స్పృహ తప్పాడు, మధ్యలో లేచి పాయింట్లు తెచ్చే 61 గజాల టచ్‌డౌన్ పాస్ కూడా విసిరాడు. డెమోయిన్ పత్రిక ఫొటోగ్రాఫర్లు ఇద్దరు ఆ దెబ్బను వరసగా ఫొటోలు తీశారు. బంతి ఎక్కడుందో, పిడికిలి ఎక్కడుందో బొమ్మలో కనిపిస్తుంది. ఆ ఫొటోలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. అక్కడ నువ్వు 'కొట్టాడు' అని కుండబద్దలు కొట్టినట్టు రాయొచ్చు. జాక్‌కి అలాంటి ఫొటో లేదు.

నిన్ను అనడానికి నాకేం అర్హత ఉందంటే, ఈ తప్పు నేనూ చేశాను. ఇరవై ఆరేళ్ళ వయసులో, మా మండలంలో బావి తవ్వుతూ మట్టి విరిగిపడి చనిపోయిన ఒక మనిషి గురించి పత్రికకి రాశాను. బావిలోకి దిగుతూ కూతురి పెళ్ళి గురించి ఆలోచించాడని రాశాను. బోలెడు మెచ్చుకోళ్ళు వచ్చాయి. పత్రిక కాపీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్యకి చదువు రాదు, పక్కింటి పిల్లాడు చదివి వినిపించాడు. అంతా విని ఆవిడ అంది, 'పెళ్ళి మాటేమీ అనలేదయ్యా. బీడీలకి రెండు రూపాయలడిగాడు. లేవన్నాను.' ఆ రెండు రూపాయలు నా దగ్గరికి నడిచి వచ్చేవి, ఒక్కసారి వాళ్ళ గుమ్మం తొక్కి ఉంటే. నేను గదిలో కూర్చుని పెళ్ళి కల్పించుకున్నాను.

జాక్ కథలో అలాంటి రెండు రూపాయలు బోలెడున్నాయి. నువ్వు దాటేసి పోయావు. ఒహాయోలో హైరమ్ అనే చిన్న ఊళ్ళో, తెల్లవాళ్ళ పిల్లల మధ్య పెరుగుతున్నవాణ్ణి తనలాంటి మనుషుల మధ్య కూడా బతకడం నేర్చుకోవాలని తల్లి ఆనా క్లీవ్‌లాండ్‌లో బంధువుల ఇంటికి పంపింది. ఆ తల్లి గురించి నీ పేజీల్లో ఒక్క ముక్క లేదు. అక్కడి స్కూలు కోచ్‌కి అయోవా స్టేట్‌లో ఉద్యోగం వస్తే ఇతనూ వెంట వచ్చాడు. చదివింది పశుపోషణ. దక్షిణాదిన నల్లజాతి రైతులకు సాయపడాలని అతని ఆలోచన. ఆటగాడు కాకపోతే పశువుల కొట్టంలో ఉండాల్సినవాడు. ఆ ఊహతో ఒక పేరా రాసి చూడు.

కొడుకు పోయాక ఆనా యూనివర్సిటీ అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాసింది. అక్కడ చదవబోయే నల్లజాతి పిల్లలకు అతని బతుకు, చావు ఉత్సాహాన్నిస్తే వృథా పోలేదనుకుంటానంది. అంతటితో ఊరుకోలేదు. నాకున్నది వాడొక్కడే, ముసలిదాన్ని, ఒంటరిదాన్ని అంది. మొదటి మాట అందరికీ కావాలి. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. కొడుకు ఉత్తరంలో నువ్వు చేసిన పనే ఇది, చూశావా?

భార్య కోరా మే కూడా ఉంది. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. 65 ఏళ్ళ తర్వాత, 1988లో, ఆమె ఆ రోజు గుర్తుచేసుకుంటూ రాసింది. ఆసుపత్రికి వెళ్ళి 'హలో డార్లింగ్' అంది. అతను ఆమె వైపు చూశాడు, మాట్లాడలేదు. క్యాంపస్ గంటల గోపురం మూడు కొట్టడం వినిపించిందని, అంతలో అతను లేడని రాసింది. నీ పేజీల్లో ఆవిడ 'గుండెలవిసేలా రోదించింది.' ఆవిడ తన మాటల్లో ఎక్కడా ఏడవలేదమ్మా. గంట విన్నది.

చివరి మూడు పేజీలూ స్టేడియం. 1973లో విద్యార్థులు పట్టుబట్టడం, 1984లో మైదానానికి మాత్రం పేరు పెట్టి ఊరుకోవడం, 1997లో స్టేడియానికే జాక్ ట్రైస్ పేరు రావడం, అరవై వేలమంది చప్పట్లు, 'వివక్షను జయించిన వీరుడు.' ఏం జయించాడు? రెండు మ్యాచ్‌లు ఆడి చచ్చిపోయాడు. గెలిచింది ఎవరైనా ఉంటే, వ్యాయామశాలలో దుమ్ము కొట్టుకుపోయిన ఫలకాన్ని 1957లో చూసి కాలేజీ పత్రికకి రాసిన ఒక విద్యార్థి, 1973 నుంచి దాదాపు పాతికేళ్ళ పాటు అడిగి అడిగి విసిగించిన పిల్లలు. అదీ మంచి కథే, వేరే కథ. దానికి వేరే పద్నాలుగు పేజీలు రాయి. ఇక్కడ ఒక్క పేరా చాలు. చప్పట్లు తీసెయ్. విగ్రహాన్ని మాత్రం ఉంచు. అక్కడ జాక్ బంతి పట్టుకుని లేడు, ఉత్తరం చదువుకుంటున్నాడు. రోజూ బస్సులో వెళ్తూ చూస్తానన్నావు కదా, ఒకసారి దిగి చూసి రా. తల ఎంత వంచాడో, కాగితం ఏ చేత్తో పట్టుకున్నాడో నాకు రాయి.

అలాగే ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఆ గంటల గోపురం కింద నిలబడు. ఫోన్ జేబులోంచి తియ్యకు. ఏం వినిపించిందో ఆ రాత్రే రాసుకో, దాన్ని కోరా మే పేరా పక్కన పెట్టుకుని మిగతాది మొదలుపెట్టు.

ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చేసి పంపు. జిరాక్స్ షాపువాడు పేజీకి అయిదు రూపాయలు చేశాడు.

ఉంటాను.