వడి, వేగం, త్వరణం: ‘స్థిర’మన్నప్పుడు ఏది స్థిరం?

సందేహం: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పరీక్షలో ‘కారు గుండ్రని బాటలో గంటకు 40 కిలోమీటర్ల స్థిరవేగంతో తిరుగుతోంది’ అని రాస్తే, ఉపాధ్యాయులు ‘వేగం’ కొట్టివేసి ‘వడి’ అని దిద్దారు. మాటల్లో వడి అన్నా వేగమన్నా ఒకటే కదా? త్వరగా పోవడమే త్వరణమా? ‘స్థిరవేగం’, ‘సమవేగం’ అనే వాటిలో ఏది రాయాలి?

సమాధానం: ఉపాధ్యాయులు దిద్దినది సరైనదే, కాని మీ అమ్మాయికి తెలుగు రాకపోవడం వల్ల జరిగిన తప్పు కాదది. ‘వడివడిగా నడిచాడు’, ‘వేగంగా నడిచాడు’ అనే వాక్యాలకు అర్థంలో తేడా లేదు. ఒకటి అచ్చతెలుగు మాట, రెండోది తత్సమం, అంతే. ఒకే అర్థమున్న ఈ రెండు మాటలను భౌతికశాస్త్రం విడదీసి చెరొక పని అప్పగించింది. దిక్కుతో నిమిత్తం లేకుండా ఎంత కాలంలో ఎంత దూరం పోయిందో చెప్పేది వడి. ఏ దిక్కుగా పోతున్నదో కూడా కలుపుకొని చెప్పేది వేగం. ఇది శాస్త్రం కోసం చేసుకున్న ఏర్పాటే గాని, ఆ మాటల పుట్టుకలో ఉన్న భేదం కాదు.

ఇటువంటి ఏర్పాట్లు మనకు కొత్త కావు. న్యాయవైశేషికులు, అంటే న్యాయ, వైశేషికమనే ప్రాచీన భారతీయ దర్శనాలకు చెందిన పండితులు, సంస్కారమనే గుణాన్ని వేగం, భావన, స్థితిస్థాపకం అని మూడు విధాలుగా చెప్పారు. వారి వేగం మన పాఠ్యపుస్తకంలోని వేగం కాదు. కాని సాగదీసి వదిలిన రబ్బరు తిరిగి మునుపటి ఆకారానికి రావడాన్ని మనం స్థితిస్థాపకత అంటున్నామంటే, ఆ మాట వారి నుంచి వచ్చినదే. ఇరుగుపొరుగు భాషలనూ చూడండి. కన్నడంలో మన వడిని జవ అంటారు, మన వేగాన్ని వేగ అనే అంటారు. హిందీలో వాటికి చాల్, వేగ్ అనే మాటలున్నాయి. తమిళంలో మాత్రం వట్టి ‘వేగం’ అంటే మన వడి. మన వేగానికి వారు ‘తిసైవేగం’, అంటే దిశతో కూడిన వేగం అంటారు. నా మట్టుకు నాకు ఆ తమిళ పదం ఎంతో నచ్చుతుంది, ఎందుకంటే పిల్లవాడు గుర్తుంచుకోవలసిన సంగతి పేరులోనే ఉంది.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. స్పీడోమీటరు ముల్లు 40 దగ్గర కదలకుండా ఉన్నా, బండి ముందు ఉత్తరానికీ, కాసేపటికి తూర్పుకూ, ఆపైన దక్షిణానికీ తిరుగుతూనే ఉంది. ముల్లు చూపేది వడిని; అది మారలేదు. దిక్కు మారుతోంది కనుక వేగం మారుతోంది. కాబట్టి స్థిరవేగమన్న మాటలోనే సరళరేఖ ఇమిడి ఉంది. గుండ్రని బాటకు ఆ మాట ఎన్నటికీ పొసగదు. ‘స్థిరవడి’ అని రాయవచ్చునా అంటే, విభక్తి లేని సంస్కృత పదాన్ని తెలుగు మాటతో సమసింపజేస్తే పెద్దలు వైరిసమాసమంటారు. ‘స్థిరమైన వడితో’ అంటే ఏ చిక్కూ ఉండదు.

స్థిర, సమ అనే రెండూ వాడుకలో ఉన్నవే. అయితే ‘రెండు కార్లు సమవేగంతో పోతున్నాయి’ అన్నప్పుడు ఒకదాని వేగం ఇంకొకదానితో సమానమనా, దేని వేగం దానికి మారకుండా ఉందనా? రెండు అర్థాలూ వస్తాయి. అందుకని మొదటి అర్థానికి ‘సమాన వేగాలతో’ అనీ, రెండో అర్థానికి ‘స్థిరవేగంతో’ అనీ రాయడం మేలు.

నిర్వచనంలోనూ ఒక్క మాట లోపిస్తే అర్థం చెడుతుంది. ‘సమాన కాలాలలో సమాన దూరాలు పోవడం సమచలనం’ అని పిల్లలు వల్లిస్తారు. గంటగంటకూ సరిగ్గా 40 కిలోమీటర్లు పోతూ, ప్రతి గంటలోనూ పది నిమిషాలు టీ కోసం ఆగే బస్సుకు కూడా ఈ నిర్వచనం సరిపోతుంది! 1638లో అచ్చయిన గ్రంథంలో గెలీలియో ఈ లోపాన్నే పట్టుకొని, పాత నిర్వచనానికి ‘ఏ సమాన కాలాలను తీసుకున్నా’ అనే అర్థం వచ్చే మాట చేర్చాలన్నాడు. తెలుగులో ‘ఎంత చిన్న సమాన కాలవ్యవధులను తీసుకున్నా’ అంటే సరిపోతుంది.

ఇక త్వరణం. త్వర అంటే తొందర; గమనం, చలనం అన్నట్టే ధాతువుకు ‘అన’ చేరి త్వరణమయింది. పేరులో తొందర ఉన్నంత మాత్రాన శాస్త్రంలో త్వరణం త్వరగా పోవడం కాదు. వేగం ఎంత చొప్పున మారుతున్నదో అది త్వరణం. ఆకాశంలో ఒకే దిక్కుగా గంటకు 800 కిలోమీటర్ల మారని వడితో పోతున్న విమానానికి త్వరణం సున్నా. స్టాండులోంచి అప్పుడే కదులుతున్న బస్సుకు త్వరణం ఉంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, చేతిలోంచి జారవిడిచిన రాయి మొదటి సెకనులో 4.9, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 మీటర్లు పడుతుంది. ఈ దూరాలు 1, 3, 5 నిష్పత్తిలో పెరుగుతుంటే త్వరణం మాత్రం మారదు. దీన్ని ‘9.8 మీటర్లు ప్రతి సెకను వర్గానికి’ అని చదివితే ఎవరికీ ఏమీ బోధపడదు. ‘ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది’ అనాలి.

మీరు అడగకపోయినా ఇంకొక్కటి చెప్పాలి. ‘పైకి విసిరిన రాయికి పోయేటప్పుడు ఋణత్వరణం, వచ్చేటప్పుడు ధనత్వరణం’ అని కొందరు బోధిస్తారు. ఋణమన్నది ఇక్కడ మనం ఎంచుకున్న దిక్కుకు ఎదురని తెలిపే గుర్తు మాత్రమే. పైదిక్కును ధనమనుకుంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అది ఋణమే. శిఖరాన రాయి వేగం సున్నా అయిన క్షణంలోనూ కిందివైపుగా అదే 9.8.