టైమ్‌కోడ్ రికార్డులతో డీజేయింగ్‌కి ఏ సౌండ్ కార్డు కొనాలి, ఎలా కలపాలి?

మీ దగ్గర రెండు డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుళ్లు, రెండు ఛానెళ్ల మిక్సరు, విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నాయి. టైమ్‌కోడ్ రికార్డులు (పాటకి బదులు సాఫ్ట్‌వేర్ చదివే సిగ్నల్ ఉండే రికార్డులు) తిప్పుతూ ల్యాప్‌టాప్‌లోని పాటలు ఆడించాలి. ఇప్పుడున్న టూ ఇన్ టూ అవుట్ యూఎస్‌బీ కార్డు సరిపోతుందా, కొత్తది కొనాలంటే ఏది అని కదా ప్రశ్న? ఒక్క టర్న్‌టేబుల్‌కి సరిపోతుంది, రెండింటికి చాలదు. నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు ఉండాల్సిందే.

ఎందుకో చెప్తాను. టైమ్‌కోడ్ రికార్డులో ఎడమ, కుడి ఛానెళ్లలో ఒకే స్వరం ఉంటుంది (సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్ రికార్డులైతే 1 కిలోహెర్ట్జ్), కానీ ఒకటి రెండోదానికి 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. ఏది ముందొస్తోందో చూసి రికార్డు ముందుకు తిరుగుతోందా వెనక్కా అని సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది. స్వరం ఎంత వేగంగా వస్తోందన్నదే రికార్డు వేగం. అందుకని ప్రతి టర్న్‌టేబుల్‌కీ నిఖార్సైన స్టీరియో ఇన్‌పుట్ కావాలి. ల్యాప్‌టాప్ పక్కనుండే హెడ్‌ఫోన్-మైక్ రంధ్రం, చవక యూఎస్‌బీ డాంగిల్ మైకు రంధ్రం సాధారణంగా మోనో. వాటితో దిశే తెలియదు, ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు.

రెండు చిన్న కార్డులు కొని కలిపేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. నేనైతే వద్దంటాను. ప్రతి కార్డుకీ సొంత గడియారం ఉంటుంది. రెండింటి మధ్య పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా సెకనుకి రెండు శాంపిళ్ల పైన జారిపోతాయి. 256 శాంపిళ్ల బఫర్ (శబ్దాన్ని కాసేపు దాచే చోటు) దాదాపు రెండు నిమిషాల్లో ఖాళీ అయి టప్పుమంటుంది. మ్యాక్‌లో అగ్రిగేట్ డివైస్ (రెండు కార్డుల్ని ఒకటిగా చూపే సెట్టింగు) చేసి డ్రిఫ్ట్ కరెక్షన్ పెట్టి నెట్టుకురావచ్చు. విండోస్‌లో ఆ తలనొప్పి ఎందుకు?

ఇక కొనేముందు చూడాల్సింది ఫోనో ఇన్‌పుట్, అంటే టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని నేరుగా తీసుకునే ఇన్‌పుట్. 192 కిలోహెర్ట్జ్ లాంటి శాంపిల్ రేటు అంకెలు ఈ పనికి అనవసరం, 44.1 చాలు. డీజే కార్ట్రిడ్జి (సూది ఉండే భాగం) ఇచ్చేది సుమారు 5 నుంచి 10 మిల్లీవోల్టులు. లైన్ ఇన్‌పుట్ ఆశించేది దానికి దాదాపు వంద రెట్లు. ఫోనో ప్రీయాంప్ ఈ లోటు తీర్చడంతోపాటు ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ కూడా చేస్తుంది, అంటే 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 100 హెర్ట్జ్‌ని 13 డెసిబెల్స్ పెంచుతుంది. దీని విలువ స్క్రాచింగ్‌లో, అంటే రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగేటప్పుడు తెలుస్తుంది. రికార్డుని పదో వంతు వేగంతో లాగితే స్వరం 100 హెర్ట్జ్‌కి దిగుతుంది, సిగ్నల్ కూడా పదో వంతుకి, అంటే 20 డెసిబెల్స్ పడిపోతుంది. అందులో 13 ఆర్‌ఐఏఏ వెనక్కి తెచ్చిస్తుంది. అది లేకపోతే నెమ్మదిగా లాగినప్పుడు పాట అంటుకుపోయినట్టు ఆగుతుంది. తిరకాసు ఏమిటంటే అదే ఆర్‌ఐఏఏ 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌ని కూడా 17 డెసిబెల్స్ పెంచుతుంది. ఎర్తింగ్ సంగతి అందుకే కింద విడిగా రాశాను.

ఏది కొనాలన్నది మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. సెరాటో డీజే ప్రో తన జాబితాలో ఉన్న హార్డ్‌వేర్‌తోనే టైమ్‌కోడ్ పని చేయనిస్తుంది. రీలూప్ ఫ్లక్స్ లాంటివి అందుకోసమే చేసినవి. రికార్డ్‌బాక్స్‌దీ అదే పద్ధతి. మిక్స్ (పేరులో మూడు ఎక్స్‌లుండే ఉచిత సాఫ్ట్‌వేర్) ఏ కార్డునైనా ఒప్పుకుంటుంది, సెరాటో సీవీ02 రికార్డుని చదువుతుంది. ఒక కంపెనీ టైమ్‌కోడ్ రికార్డు ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తుందనుకోవద్దు. సెరాటో రికార్డు ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో పనికిరాదు.

మిక్స్‌తో మొదలుపెట్టే వాళ్లకి నా సలహా రెండు దారులు. సెకండ్ హ్యాండ్‌లో ట్రాక్టర్ ఆడియో 6 కార్డు మంచి స్థితిలో దొరికితే తీసుకోండి. ఫోనో ప్రీయాంపులు, ఎర్త్ స్క్రూ దానిలోనే ఉంటాయి. ఉత్పత్తి ఆగిపోయింది కాబట్టి మీ విండోస్‌కి డ్రైవర్ ఉందో లేదో డబ్బు ఇచ్చేముందే చూసుకోండి. సెరాటో కోసం పాత రేన్ ఎస్‌ఎల్1 కార్డు ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, అది స్క్రాచ్ లైవ్ (సెరాటో పాత సాఫ్ట్‌వేర్) కాలంది, సెరాటో డీజేతో పని చేయదు. కొత్తదే కావాలంటే బెహ్రింగర్ యూఎంసీ404హెచ్‌డీ. అంకె జాగ్రత్త: 204హెచ్‌డీకి అవుట్‌పుట్లు నాలుగున్నా ఇన్‌పుట్లు రెండే. 404లో ఫోనో ప్రీయాంప్ ఉండదు, కాబట్టి బెహ్రింగర్ పీపీ400 లాంటి చిన్న ఫోనో ప్రీయాంపులు రెండు, ఒక్కో టర్న్‌టేబుల్‌కి ఒకటి, కలిపి లెక్కేసుకోండి. టర్న్‌టేబుల్ వెనక ఫోనో/లైన్ స్విచ్ ఉంటే ఈ ఖర్చు లేదు, లైన్‌లో పెట్టి నేరుగా కలపొచ్చు.

ప్రీయాంప్ లేకుండా మిక్స్‌లోని టర్న్‌టేబుల్ బూస్ట్‌తో నెట్టుకురావచ్చా? 24 బిట్ కార్డుతో నడుస్తుంది. 16 బిట్ కార్డుతో కష్టం: 1 వోల్టుకి నిండే ఇన్‌పుట్‌లో 5 మిల్లీవోల్టులంటే 46 డెసిబెల్స్ కింద ఉన్నట్టు. దాదాపు ఎనిమిది బిట్లు అక్కడే పోతాయి. పైగా ఈ బూస్ట్ ఆర్‌ఐఏఏ చేయదు.

వైరింగ్ ఇలా చేయండి. మొదటి టర్న్‌టేబుల్ ఆర్‌సీఏ పిన్నులు ప్రీయాంప్‌లోకి, అక్కణ్నుంచి కార్డు 1, 2 ఇన్‌పుట్లకి. రెండోది 3, 4కి. 404 ముందున్నవి పెద్ద జాక్‌లు, అందుకని ఆర్‌సీఏ నుంచి 6.35 మిల్లీమీటర్ల మోనో జాక్‌కి మార్చే కన్వర్టర్లు నాలుగు కావాలి. కార్డు మీది స్విచ్‌లు లైన్‌లో ఉంచండి, 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకిచ్చే కరెంటు) ఆపేయండి. కార్డు అవుట్‌పుట్ 1, 2 మిక్సర్ మొదటి ఛానెల్ లైన్ ఇన్‌పుట్‌కి, 3, 4 రెండో ఛానెల్ లైన్‌కి. మిక్సర్ మీద ఛానెల్ స్విచ్ ఫోనోలో మిగిలిపోతే శబ్దం పగిలిపోయి బాస్ ఉబ్బిపోతుంది. స్పీకర్లు ఆన్ చేసేముందు ఆ ఒక్కటీ చూసుకోండి.

కార్డుతో వచ్చే ఆసియో (తక్కువ ఆలస్యంతో శబ్దం నడిపే) డ్రైవర్ వేసి, మిక్స్‌లో సౌండ్ హార్డ్‌వేర్‌కి వెళ్లి ఆసియో, 44100 ఎంచుకోండి. ఇన్‌పుట్ ట్యాబ్‌లో వైనిల్ కంట్రోల్ 1కి ఛానెళ్లు 1-2, వైనిల్ కంట్రోల్ 2కి 3-4. అవుట్‌పుట్ ట్యాబ్‌లో డెక్ 1కి 1-2, డెక్ 2కి 3-4. కలిపే పని బయటి మిక్సరుది కాబట్టి మెయిన్ అవుట్‌పుట్ ఖాళీగా వదిలేయండి. వైనిల్ కంట్రోల్ పేజీలో రికార్డు రకం, సైడు, 33 వేగం సరిచూడండి. బఫర్ మొదట 11.6 మిల్లీసెకన్లు (512 శాంపిళ్లు) పెట్టి, అండర్‌ఫ్లో లెక్క (బఫర్ ఎన్నిసార్లు ఖాళీ అయిందన్న అంకె) పెరగకపోతే 5.8కి దించండి. ఈ ఆలస్యం లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి పడుతుంది. మిక్సింగ్‌కి 11.6 ఫర్వాలేదు, స్క్రాచింగ్‌కి చెయ్యి వెనక పాట పరిగెడుతున్నట్టుంటుంది. 5.8లో టపటపలొస్తే వైఫై ఆపి చూడండి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ తీసేయండి. యూఎస్‌బీ హబ్ వాడొద్దు. విండోస్ డిఫాల్ట్ డివైస్‌గా ఈ కార్డుని ఉంచితే మెసేజ్ వచ్చిన 'టింగు' కూడా హాలంతా వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రికార్డు తిప్పి వైనిల్ కంట్రోల్ పేజీలో సిగ్నల్ బొమ్మ చూడండి. గుండ్రటి, సన్నటి వలయం రావాలి. కోడిగుడ్డులా సాగితే ఎడమ, కుడి స్థాయిలు తేడాగా ఉన్నాయి. 404లో ఒక్కో ఛానెల్‌కీ విడి గెయిన్ నాబ్ ఉంటుంది కాబట్టి ఇది చాలా మామూలు, నాబ్‌లు సమం చేస్తే వలయం గుండ్రమవుతుంది. ఒకే గీతలా కనిపిస్తే ఒక ఛానెల్ రావట్లేదు: హెడ్‌షెల్ (కార్ట్రిడ్జి బిగించే భాగం) తీసి కాంటాక్టులు స్పిరిట్‌తో తుడవండి. అంచులు చతురస్రంలా చదునైతే గెయిన్ ఎక్కువై క్లిప్ అవుతోంది.

పాట వెనక్కి నడుస్తోందా? ఎడమ, కుడి తారుమారయ్యాయి. మార్చినా పోకపోతే హెడ్‌షెల్ వైర్లు చూడండి. ఎడమకి తెలుపు, నీలం. కుడికి ఎరుపు, ఆకుపచ్చ. ఒక జతలో ప్లస్ మైనస్ తిరగబడినా ఆ 90 డిగ్రీలు ఎదురు తిరిగి దిశ మారిపోతుంది. కొత్త కార్ట్రిడ్జి బిగించాక మొదలైన సమస్య అయితే నూటికి తొంభై పాళ్లు ఇదే.

వలయం వణుకుతూ, రికార్డు ఆపినా పాట పాకుతుంటే హమ్. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరుని ప్రీయాంప్ స్క్రూకి బిగించండి. రెండింటివీ బిగించాక కూడా గుయ్‌మంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే దోషం ఎర్త్ లూప్‌ది. ల్యాప్‌టాప్, మిక్సర్, యాంప్లిఫయర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. మూడో పిన్ను విరిచి వాడే అలవాటు మన దగ్గర ఉంది, అది మాత్రం వద్దు, షాక్ కొడుతుంది. ఇంటి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

హమ్ లేకుండానే పాకుతుంటే స్పీకర్ల బాస్ బల్ల ద్వారా సూదికి ఎక్కుతోంది. టర్న్‌టేబుళ్లని స్పీకర్లున్న బల్ల మీద నుంచి తీసి వేరే బరువైన బల్ల మీద పెట్టండి. సెరాటో వాడేవాళ్లయితే సూది రికార్డు మీద ఆగి ఉండగా, స్పీకర్లలో పాట మోగుతుండగా నాయిస్ థ్రెషోల్డ్ ఎస్టిమేట్ నొక్కాలి. నిశ్శబ్దంలో నొక్కితే తక్కువ విలువ పట్టుకుని, వాల్యూమ్ పెంచగానే మళ్లీ పాకడం మొదలవుతుంది.